ఆపరేషన్ అక్కడ, తర్వాత ఎక్కడ?

బరువు తగ్గే ఆపరేషన్‌కి డబ్బివ్వబోమని ఇన్సూరెన్సు తేల్చేస్తే అమెరికాలో చాలామంది చూపు మెక్సికో సరిహద్దు మీద పడుతుంది. అక్కడి తెలుగువాళ్లకి ఇంకో దారి కూడా కనిపిస్తుంది, హైదరాబాద్. ఈ సంవాదంలో మేనకోడలు డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఉంటుంది. గ్రీన్‌కార్డు ఉంది, సరుకు రవాణా కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం. మేనమామ విజయవాడలో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆమె వెళ్తానంటోంది. ఆయన వద్దంటున్నారు.

మేనమామ: మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి ఒకటే ఏడుపు. మెక్సికో వెళ్లి పొట్ట కోయించుకుంటావటగా?

మేనకోడలు: అమ్మకి చెప్పడమే పొరపాటైంది మావయ్యా. పొట్ట కోసేదేం లేదు, నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టి లాప్రోస్కోపీలో చేస్తారు. మీకు తెలియనిదా?

మేనమామ: ఆ ఆపరేషన్లకి మత్తిచ్చినవాణ్ని కాబట్టే అడుగుతున్నా. స్లీవా, బైపాసా?

మేనకోడలు: స్లీవ్. జీర్ణాశయంలో ముప్పాతిక భాగం పైగా తీసేసి, సన్నటి గొట్టంలా మిగులుస్తారు. నా ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. బీఎంఐ 40 దాటింది. షుగరుంది, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 8.4. నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా ఉంది, రాత్రి సీప్యాప్ మాస్కు లేందే నిద్ర లేదు. ఇంకా ఏం రావాలని ఆగమంటారు? నోరు కట్టుకుంటే చాలదా అని అమ్మ అంటుంది. మీరూ అదే అంటారా?

మేనమామ: నేను అనను. తిండి తగ్గించి బరువు దించినవాళ్లకి ఒళ్లే ఎదురు తిరుగుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, ఒళ్లు ఖర్చు పెట్టే కేలరీలు పడిపోతాయి. నువ్వు ఎన్నిసార్లు తగ్గి మళ్లీ పెరిగావో నాకు తెలుసు. నీలో పట్టుదల లేదని ఎవరన్నా అంటే నేనూరుకోను. నా పేచీ ఆపరేషన్‌తో కాదు, నువ్వు వెళ్లే పద్ధతితో.

మేనకోడలు: ఇన్సూరెన్సు ఇస్తే నేనెందుకు వెళ్తాను?

మేనమామ: అదే నాకు మింగుడుపడడం లేదు. బీఎంఐ 40 ఉంటే చాలు, జబ్బులుంటే 35 అయినా చాలు అని మీ అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సమావేశమే 1991లో చెప్పింది. 2022లో సర్జన్ల సంఘాలు ఆ గీతని ఇంకా కిందికి దించాయి. ఆసియా వాళ్లయితే 27.5 నుంచే ఆలోచించమన్నాయి. ఎలా చూసినా నువ్వు అర్హురాలివే. మీ డాక్టరు కాగితాలు సరిగ్గా రాయలేదేమో?

మేనకోడలు: కాగితాల దాకా వెళ్తేగా! మా ప్లాన్ పుస్తకంలో ఒక్క వాక్యం రాసి పెట్టారు. ఊబకాయానికి చేసే సర్జరీకి, వైద్యపరంగా అవసరమైనా సరే, చెల్లించం అని. నా కార్డు మీద పెద్ద ఇన్సూరెన్సు కంపెనీ పేరుంటుంది గానీ క్లెయిములకి ఇచ్చే డబ్బు మా కంపెనీదే. ఇన్సూరెన్సు వాళ్లు లెక్కలు చూసిపెడతారంతే. ఇలాంటి ప్లాన్లు 1974 నాటి ఎరిసా చట్టం కిందికి వస్తాయి. ఫలానా వైద్యం ఇవ్వాల్సిందే అని ఏ రాష్ట్రం చట్టం చేసినా వీటిని తాకదు. ఏం ఇవ్వాలో ఏం మానాలో యజమాని ఇష్టం.

మేనమామ: ఒబామా చట్టం వచ్చాక కూడానా?

మేనకోడలు: ఆ చట్టంలో తప్పనిసరిగా ఇవ్వాల్సినవాటి జాబితా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కొన్ని రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్ ఉంది, మా టెక్సస్ జాబితాలో లేదు. ప్రభుత్వ బీమా మెడికేర్ బరువు తగ్గే ఆపరేషన్లకి 2006 నుంచే ఇస్తోంది, బీఎంఐ 35 ఉండి, దానివల్ల వచ్చిన జబ్బు ఒక్కటైనా ఉండి, మామూలు వైద్యంతో తగ్గకపోతే చాలు. కానీ మెడికేర్ 65 ఏళ్లకి. నాకు 43.

మేనమామ: విచిత్రంగా ఉంది. ఇక్కడ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో పాలసీల మినహాయింపులన్నిటికీ ఒకే రాత ఖరారు చేసింది. డాక్టరు సలహా, 18 ఏళ్లు, బీఎంఐ 40, లేదా 35తో పాటు గుండెజబ్బో, అదుపులోకి రాని షుగరో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో ఉండి, మామూలు పద్ధతులతో తగ్గకపోతే ఊబకాయం వంకతో క్లెయిము కొట్టేయడానికి లేదు. ఆ షరతులన్నీ నీకు తీరతాయి. నువ్వు ఉన్నది మాత్రం డాలస్‌లో. సరే, అప్పీలు చేశావా?

మేనకోడలు: చేసినా ఉపయోగం ఉండదు. మీకు ఈ వైద్యం అవసరం లేదు అని కొట్టేస్తే, 180 రోజుల్లో అప్పీలుకి వెళ్లొచ్చు. అక్కడా కాదంటే బయటి డాక్టర్ల సమీక్ష అడగొచ్చు. చాలామంది అలా గెలుస్తున్నారు కూడా. నాది ఆ కేసు కాదు. అవసరమే గానీ మా ప్లాన్‌లో లేదు అంటున్నారు. అవసరమా కాదా అన్న పేచీ ఉంటేనే బయటి డాక్టర్లు తీర్పు చెబుతారు, ప్లాన్‌లో లేనిదాన్ని వాళ్లు తెచ్చి పెట్టలేరు.

మేనమామ: మరి హెచ్ఆర్ వాళ్లని అడగొచ్చుగా? వాళ్లు తలుచుకుంటే ఆ వాక్యం తీసేయొచ్చన్నావు.

మేనకోడలు: ఏటా ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌కి ముందు అడుగుతూనే ఉన్నా. ప్రీమియం పెరుగుతుందంటారు. అసలు కారణం వేరు. ఆపరేషన్ ఖర్చు ఈ ఏడాది కనిపిస్తుంది. షుగరు మందులు తగ్గడం, గుండెపోటు తప్పడం లాంటి లాభాలు కనిపించడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా ఉద్యోగి ఇంకో కంపెనీకి మారిపోతాడు. ఒకడు పెట్టిన డబ్బుకి ఇంకొకడు లాభపడతాడని వీళ్ల లెక్క. మా ఆయన కంపెనీ ప్లాన్‌లోనూ ఇదే వాక్యం ఉంది.

మేనమామ: మందులతో ప్రయత్నించకపోయావా? వారానికో ఇంజెక్షన్, ఇప్పుడు ఊరంతా అదే మాట. మౌంజారో 2025 మార్చిలో ఇక్కడికీ వచ్చింది.

మేనకోడలు: ఊబకాయం మందులకీ మా ప్లాన్ డబ్బివ్వదు. వెగోవీ 2021లో వచ్చినప్పుడు నెలకి 1,349 డాలర్ల లిస్టు రేటు. ఇప్పుడు సొంతంగా కొనుక్కునేవాళ్లకి కొన్ని వందల్లో ఇస్తున్నారు, నిజమే. కానీ అది ఎన్నేళ్లు? మానేసిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని ఆ మందు మీద జరిగిన పరిశోధనలోనే తేలింది. జీవితాంతం నెల నెలా కట్టడం కంటే ఒక్కసారి ఆపరేషన్ చేయించుకోవడం చవకే.

మేనమామ: ఒక్కసారి అన్నమాట దగ్గరే నా అభ్యంతరం. దానికి తర్వాత వస్తా. ముందు ఖర్చు సంగతి చెప్పు.

మేనకోడలు: సొంత డబ్బుతో అయితే డాలస్‌లో పద్దెనిమిది వేల డాలర్లన్నారు. మెక్సికో సరిహద్దు ఊరు టిహువానాలో ఐదున్నర వేలు. శాన్ డియాగో ఎయిర్‌పోర్టు నుంచి వాళ్ల వ్యాన్‌లోనే తీసుకెళ్తారు, సరిహద్దు అరగంట దూరం. రెండు రాత్రులు ఆస్పత్రి, ఒక రాత్రి హోటలు. తిరిగొచ్చేటప్పుడు క్యూలో నిలబడకుండా మెడికల్ పాస్ ఇస్తారు. గురువారం వెళ్తే మళ్లీ సోమవారానికి ఇంట్లో ఉంటాను. హెల్త్ సేవింగ్స్ అకౌంట్‌లో కొంత డబ్బుంది. జబ్బుకని డాక్టరు రాసిస్తే విదేశంలో చేయించుకున్నా అది వాడుకోవచ్చు.

మేనమామ: తిరుపతి బస్సు ప్యాకేజీలా అన్నీ కలిపి కట్టారన్నమాట. మరి నిన్ను పరీక్షించిన డాక్టరెవరు?

మేనకోడలు: ఆన్‌లైన్ ఫారం నింపాను. రిపోర్టులు పంపాను. మర్నాడే ఓకే అన్నారు.

మేనమామ: ఈ ఆపరేషన్‌కి నువ్వు తగిన పేషెంటువా కాదా అన్నది మర్నాటికే ఎలా తెలిసింది? గుండె ఎకో చూశారా? స్లీప్ ఆప్నియా ఎంత తీవ్రమో అడిగారా? నా పనే చెబుతా విను. నీలాంటి పేషెంటు విషయంలో ఆపరేషన్ టేబుల్ మీద నేను భయపడేది తక్కువ, ఆ రాత్రి గురించి ఎక్కువ. మత్తు వదిలిందనుకుంటాం, నొప్పి మందుల మగత ఉంటుంది, గొంతు కండరాలు వదులై ఊపిరి ఆగుతుంది. సీప్యాప్ పక్కనుండాలి, వేలికి ఆక్సిజన్ క్లిప్పుండాలి, అలారం మోగితే లేచొచ్చే నర్సుండాలి. ఈ మూడూ ఉన్నాయా అని అడిగావా?

మేనకోడలు: మాస్కు తెచ్చుకోమన్నారు. వాట్సాప్‌లో మాట్లాడే కోఆర్డినేటర్‌కి మిగతావి తెలియవు.

మేనమామ: తెలియవు. ఆమెది అమ్మే ఉద్యోగం. మత్తు డాక్టరుతో ఐదు నిమిషాలు మాట్లాడించమను. మాట్లాడించకపోతే అదే జవాబనుకో.

మేనకోడలు: మావయ్యా, మీరు అక్కడి డాక్టర్లని తక్కువగా చూస్తున్నారు. ఆఫ్రికా నుంచీ గల్ఫ్ నుంచీ హైదరాబాద్‌కి పేషెంట్లొస్తే మనవాళ్ల గొప్పతనం అని పేపర్లో చదివి మురిసిపోతారు. అదే అమెరికా వాళ్లు మెక్సికో వెళ్తే తెగించారంటారు. టిహువానా సర్జన్లలో కొందరు ఒక్క ఏడాదిలో చేసే స్లీవ్‌లు మా ఊరి సర్జన్ చాలా ఏళ్లకి గానీ చేయడు. చెయ్యి తిరిగినవాడి చేతిలో ప్రమాదం తక్కువని మీరే చెప్పేవారు.

మేనమామ: చెప్పాను, ఇప్పటికీ చెబుతా. మంచి సర్జన్లు ఏ దేశంలోనైనా ఉంటారు. కానీ సర్జన్ చెయ్యి ఒక్కటే చాలదు. 2018-19లో ఏమైందో చూడు. టిహువానాలో ఆపరేషన్ చేయించుకుని అమెరికా తిరిగొచ్చినవాళ్లకి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకింది. చివరి అస్త్రంగా దాచుకునే కార్బాపెనెమ్ యాంటీబయాటిక్స్‌కి కూడా లొంగని రకం. వాళ్లలో ఎక్కువమంది బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, చాలావరకు ఒకే ఆస్పత్రి. మీ ఆరోగ్య సంస్థ సీడీసీ 2019 జనవరిలో అక్కడికి వెళ్లొద్దని హెచ్చరించింది. తప్పు సర్జన్ చేతిది కాకపోవచ్చు. పరికరాలు సరిగ్గా శుభ్రం చేయకపోతే ఎంత గొప్ప చెయ్యైనా ఏం చేస్తుంది?

మేనకోడలు: ఒక ఆస్పత్రిలో జరిగిందని ఊరంతటినీ వెలివేస్తామా? అమెరికా ఆస్పత్రుల్లో ఇన్‌ఫెక్షన్లు రావా?

మేనమామ: వస్తాయి. వచ్చినప్పుడు ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే వెళ్తావు, వాళ్లే చూస్తారు. అదీ తేడా. మీ దేశంలో గుర్తింపు పొందిన బేరియాట్రిక్ కేంద్రాలు ప్రతి పేషెంటుకీ 30 రోజుల దాకా ఏమైందో లెక్క రాసి పంపాలి. నీ ప్యాకేజీ సోమవారంతో అయిపోతుంది. ముప్ఫయ్యో రోజున నీకేమైందో వాళ్లకి తెలుస్తుందా?

మేనకోడలు: ప్రమాదం అంత ఎక్కువేం కాదు మావయ్యా. ఈ ఆపరేషన్‌లో చనిపోయేది వెయ్యిమందిలో ఒకరు, గాల్ బ్లాడర్ ఆపరేషన్‌కి దగ్గర దగ్గరగా. చేయించుకోకపోతే ఉండే ప్రమాదం ఎవరూ లెక్కపెట్టరు. స్వీడన్‌లో ఊబకాయుల్ని ఏళ్ల తరబడి గమనించి 2007లో చెప్పారు, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో మరణాలు తక్కువని.

మేనమామ: ఆ స్వీడన్ లెక్కలో నీ స్లీవ్ లేదమ్మాయ్. అప్పటి పద్ధతులు వేరు. నీకు పనికొచ్చేది క్లీవ్‌లాండ్ వాళ్ల పరిశోధన. షుగరున్నవాళ్లని మూడు గుంపులు చేశారు. ఐదేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ 6 లేదా అంతకన్నా కిందికి వచ్చినవాళ్లు మందుల గుంపులో 5 శాతం, స్లీవ్‌లో 23, బైపాస్‌లో 29. అంటే ఆపరేషన్ గెలిచింది. ముప్పాతిక మందికి ఆ అంకె అందలేదన్నదీ నిజమే. రెండూ తెలుసుకుని వెళ్లు.

మేనకోడలు: 5 ఎక్కడ, 23 ఎక్కడ? నా వాదనకి మీరే బలం ఇస్తున్నారు.

మేనమామ: ఆపరేషన్‌కి ఇస్తున్నా. సోమవారం ఇంటికొచ్చేయడానికి ఇవ్వడం లేదు. పొట్ట ఆపరేషనైతే కనీసం పది రోజులు విమానం ఎక్కొద్దని సీడీసీయే చెబుతోంది. బరువైన ఒళ్లు, నీళ్లు సరిగ్గా తాగలేని పొట్ట, కదలకుండా సీట్లో కూర్చోవడం, ఈ మూడూ కలిస్తే కాలి రక్తనాళాల్లో గడ్డ కడుతుంది. అది ఊపిరితిత్తులకి చేరితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. నీ ప్యాకేజీలో నాలుగో రోజుకే విమానం.

మేనకోడలు: శాన్ డియాగో నుంచి డాలస్ మూడు గంటలే.

మేనమామ: సరే, దిగావు. ఇంకో మాట. జీర్ణాశయం కోసిన అంచుని స్టేపుల్స్‌తో మూస్తారు. ఆ వరసలో ఎక్కడన్నా వదులైతే లోపలిది పొట్టలోకి కారుతుంది. నూటికి ఒకరికో, అంతకన్నా తక్కువో. ఆస్పత్రిలో ఉన్నప్పుడే తెలిస్తే అదృష్టం. చాలామందికి ఇంటికెళ్లాక, మొదటి రెండు మూడు వారాల్లో బయటపడుతుంది. దాని మొదటి గుర్తు నొప్పి కాకపోవచ్చు, జ్వరం కాకపోవచ్చు. నాడి. కూర్చుని ఉన్నా 120 దాటి కొట్టుకుంటూ, దిగకుండా ఉంటుంది. మనిషి కంగారుగా ఉంటాడు, ఏమైందో చెప్పలేడు. గ్యాసనుకుంటారు, నీరసమనుకుంటారు. మంగళవారం అర్ధరాత్రి నీకలా అయితే ఎవరికి ఫోన్ చేస్తావు?

మేనకోడలు: 911కి.

మేనమామ: అంబులెన్సు వస్తుంది, ఎమర్జెన్సీలో చేర్చుకుంటారు, నీ దేశంలో ఆ హక్కుంది. అక్కడి కుర్ర డాక్టరు నీ పొట్టలో ఏం చేశారో చెప్పే కాగితం అడుగుతాడు. నీ దగ్గరుందా? స్పానిష్‌లో ఉందా? ఎంత మిగిల్చారు, ఏ స్టేపుల్స్ వాడారు, లీక్ పరీక్ష చేశారా, ఇవన్నీ కావాలి. బేరియాట్రిక్ సర్జన్ని పిలిస్తే వేరేవాళ్లు చేసిన ఆపరేషన్ అని వెనకాడతాడు. ఐసీయూలో పది రోజులుంటే నువ్వు మిగిల్చిన పన్నెండున్నర వేలు రెండు రోజులకి కూడా రావు. ఆ బిల్లు నీ ఇన్సూరెన్సు కడుతుందా?

మేనకోడలు: ఎమర్జెన్సీ అయితే కట్టాలిగా?

మేనమామ: మేం ఇవ్వని వైద్యం వల్ల వచ్చిన ఇబ్బందులకీ మేం ఇవ్వం అని కొన్ని ప్లాన్లలో ఇంకో వాక్యం ఉంటుంది. మీ పుస్తకంలో ఉందో లేదో చదివావా?

మేనకోడలు: లేదు. అది ఇవ్వాళే చూస్తాను.

మేనమామ: టికెట్ కొనకముందు చూడు. ఇప్పుడు నీ ఒక్కసారి మాటకి వస్తున్నా. ఆపరేషనైన మర్నాటి నుంచే నీకు షుగరు మాత్రలు తగ్గించాలి. లేకపోతే తిండి లేని ఒంట్లో షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఎవరు తగ్గిస్తారు? వాంతులు వారం ఆగకపోతే బీ1 విటమిన్ అడుగంటి మెదడుకే దెబ్బ తగులుతుంది. గ్లూకోజ్ సీసా ఎక్కించే ముందు బీ1 ఇవ్వాలని తెలిసిన డాక్టరు కావాలి. ఆ తర్వాత బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్, ఇవి జీవితాంతం. ఏటా రక్తపరీక్షలు. మూడు నాలుగు నెలలకి జుట్టు ఊడుతుంది, కంగారు పడతావు. కొందరికి ఛాతీలో మంట ఎక్కువై స్లీవ్‌ని బైపాస్‌గా మార్చాల్సి వస్తుంది. ఇది ఒక్కరోజు ఆపరేషన్ కాదమ్మా, జీవితాంతం లాగాల్సిన వైద్యం. వాళ్లు మొదటి మూడు రోజులే అమ్ముతున్నారు.

మేనకోడలు: ఇవన్నీ నాకు తెలుసు. మన తిండితో ఇబ్బందనీ తెలుసు. రోజుకి 60 గ్రాముల ప్రొటీన్ తినాలి. పప్పన్నంలో పప్పు తక్కువ, అన్నం ఎక్కువ. అన్నం కాస్త తిన్నా పొట్ట నిండిపోతుంది, ఇక గుడ్డుకి చోటుండదు. ముందు గుడ్డో, పనీరో, చికెనో తిని, చోటుంటే అన్నం. భోంచేసేటప్పుడు మంచినీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. ఇంటికి చుట్టాలొస్తే వీటన్నిటికీ జవాబు చెప్పాలి.

మేనమామ: చెబుతావా మరి? లేక కాంకూన్ విహారానికి వెళ్లొచ్చామని ఫొటోలు పెడతావా?

మేనకోడలు: ఎవరికీ చెప్పదలచుకోలేదు. తానా సభల్లో, గుడి దగ్గర, బతుకమ్మ ఆటల్లో ఒక్కరికి తెలిస్తే చాలు. ఆపరేషన్‌తో తగ్గిందట, కష్టపడింది కాదట అంటారు. లావుగా ఉన్నప్పుడూ వాళ్లే అన్నారు, తగ్గితే ఇదంటారు.

మేనమామ: జనానికి చెప్పకు, నీ ఇష్టం. డాక్టరుకి దాచకు. ఎమర్జెన్సీలో ఈ ఆపరేషన్ సంగతి దాచినవాళ్లకి మామూలు కడుపునొప్పి మందులిచ్చి ఇంటికి పంపేస్తారు. మీ ఆయనకీ ఒక్క స్నేహితురాలికీ తెలియాలి. నువ్వు మాట్లాడలేని స్థితిలో ఉంటే ఎవరో ఒకరు చెప్పాలిగా?

మేనకోడలు: సరే. అయితే మీ మాటేమిటి? చేయించుకోవద్దా? మా కంపెనీ ప్లాన్ మారేదాకా ఆగితే నా కళ్లకీ కిడ్నీలకీ ఎవరు పూచీ? ఇక్కడ ఇన్సూరెన్సు ఇచ్చే చోట కూడా ఆరు నెలల పాటు డాక్టరు దగ్గర డైటింగ్ చేసి చూపించమంటారు. ఆ నియమం వల్ల ఫలితం మెరుగైందన్న ఆధారం లేదని సర్జన్ల సంఘమే తప్పు పట్టింది. ఆగమనడం చాలా తేలిక మావయ్యా, ఆగేవాళ్లకే తెలుస్తుంది.

మేనమామ: నిజమే. ఆగడం వల్ల వచ్చే నష్టాన్ని నేను తక్కువ చేయను. 8.4 తో ఐదేళ్లు గడపమని ఏ డాక్టరూ అనడు. అందుకే ఇక్కడికి రా అంటున్నా. హైదరాబాద్‌లో మూడున్నర, నాలుగు లక్షల్లో అవుతుంది. టికెట్టు కలిపినా నీ మెక్సికో ఖర్చుకి అటూ ఇటూ.

మేనకోడలు: టిహువానా నుంచి మూడు గంటల విమానమే వద్దన్నారు. డాలస్ నుంచి దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో హైదరాబాద్ ఇరవై గంటలు దాటుతుంది. ఆ గడ్డ మాట ఇప్పుడు గుర్తు రాలేదా? అక్కడ చేయించుకున్నా నా తర్వాతి బతుకు డాలస్‌లోనే. పైగా అక్కడికొచ్చే మనవాళ్ల సంగతి మీకు తెలియదా? మూడు వారాల సెలవులో తమ్ముడి పెళ్లి, గృహప్రవేశం, పళ్ల క్యాపులు, వాటి మధ్యలో ఈ ఆపరేషన్. హైదరాబాద్ ప్యాకేజీకీ టిహువానా ప్యాకేజీకీ తేడా ఏముంది?

మేనమామ: బాగా అడిగావు. అలా వస్తే తేడా ఏమీ లేదు. ఊరి పేరు చూసి నేను సరే అనను. కనీసం నెల రోజులుండేలా రా. ఎఫ్ఎంఎల్ఏ కింద ఏడాదికి 12 వారాలు జీతం లేని సెలవు పెట్టుకోవచ్చు కదా మీకు. మొదటి వారం పరీక్షలు, ఎకో, నిద్ర పరీక్ష రిపోర్టు, డైటీషియన్. లివర్ చిన్నదవడానికి ఆపరేషన్‌కి ముందు చేసే రెండు వారాల డైట్ అక్కడే మొదలుపెట్టు. ఆపరేషన్ తర్వాత మూడు వారాలు మన ఇంట్లో. మీ అత్తయ్య వడకట్టిన మజ్జిగా, పప్పుకట్టూ పోస్తుంది. నాడి రోజూ నేను చూస్తా. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు వాడి, సర్జన్ సరేనన్నాకే విమానం. మెక్సికో కూడా ఇలా కుదిరితే, అంటే శాన్ డియాగోలో రెండు వారాలు తెలిసినవాళ్లింట్లో ఉండగలిగితే, నా అభ్యంతరంలో సగం పోతుంది.

మేనకోడలు: మిగతా సగం?

మేనమామ: తిరిగెళ్లాక చూసే డాక్టరు. ఆ డాక్టరు ముందే ఒప్పుకోవాలి. మీ ఫ్యామిలీ డాక్టరుని కూర్చోబెట్టి అడుగు. ఫలానా తేదీన ఫలానా ఆపరేషన్ చేయించుకుని వస్తాను, షుగరు మందులు మార్చడం, మూడు నెలలకీ ఆరు నెలలకీ ఏడాదికీ రక్తపరీక్షలు మీరు చూస్తారా అని. బయట ఆపరేషన్ చేయించుకున్నవాళ్లని ఫీజు తీసుకుని చూసే బేరియాట్రిక్ క్లినిక్ మీ ఊళ్లో ఉందేమో కనుక్కో.

మేనకోడలు: ఒకటి దొరికింది. ఏడాదికి ఇంత అని ముందే కట్టించుకుంటారు. అది కలిపితే టిహువానా ఐదున్నర వేలు కాదు, ఎనిమిది దాకా పోతుంది.

మేనమామ: అదే అసలు ధర. ఐదున్నర ఎప్పుడూ కాదు. ఆ లెక్కతో పోల్చి చూడు. పద్దెనిమిది వేలు చెప్పిన డాలస్ ఆస్పత్రిని కూడా ఇంకోసారి అడుగు. సొంత డబ్బు కట్టేవాళ్లకి తగ్గించే చోట్లుంటాయి, వాయిదాలుంటాయి.

మేనకోడలు: అడిగాను, పదిహేనుకి దిగారు. అది కూడా నా వల్ల కాదు. ఇద్దరు పిల్లలు, ఇంటి అప్పు. మీరు చెప్పిన జాగ్రత్తలన్నీ డబ్బున్నవాళ్ల జాగ్రత్తలు మావయ్యా. చేతిలో ఏడెనిమిది వేలే ఉన్నవాళ్లు ఏం చేయాలి?

మేనమామ: ఉన్న డబ్బులో ముందుగా ఆపరేషన్ తర్వాతి ఖర్చు పక్కన పెట్టాలి, మిగిలినదానితో ఆపరేషన్ వెతకాలి. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. సర్జన్ పేరు ముందే రాయించుకో, నువ్వు వెళ్లాక మనిషి మారకూడదు. మెక్సికో అయితే డాక్టరు లైసెన్సు నంబరు, సెదులా అంటారు, ప్రభుత్వ రిజిస్టర్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మన దగ్గరైతే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. ఆస్పత్రిలో ఐసీయూ ఉందా, రాత్రి డ్యూటీ మత్తు డాక్టరున్నాడా, తిరగబడితే మళ్లీ ఆపరేషన్‌కి ఎవరి ఖర్చు, ఇవి కాగితం మీద కావాలి. బయల్దేరే ముందు ఆపరేషన్ నోటు ఇంగ్లీషులో చేతికి రావాలి.

మేనకోడలు: ఇవన్నీ కుదిరితే మెక్సికో అయినా సరేనా?

మేనమామ: సరేనంటాను, ఇష్టంగా కాదు. నా మొదటి మాట మీ హెచ్ఆర్‌తో పోట్లాడమనే. నువ్వొక్కదానివే అడిగితే వినరు. మీ కంపెనీలో నీలాంటివాళ్లు ఎంతమందో ఉంటారు. అందరూ కలిసి రాతపూర్వకంగా అడగండి. యజమాని ఒక్క వాక్యం కొట్టేస్తే ఎవరూ సరిహద్దు దాటక్కర్లేదు.

మేనకోడలు: ఆ ఉత్తరం రాస్తాను, మిగతావాళ్ల సంతకాలూ అడుగుతాను. కానీ దాని జవాబు కోసం కూర్చోను. గురువారం టిహువానా బుకింగ్ మానేస్తున్నా, మీ మాటకి ఆ మాత్రం విలువిస్తా. సెలవు దొరికితే హైదరాబాద్, నెల రోజులు. దొరక్కపోతే శాన్ డియాగోలో రెండు వారాలు ఉండి టిహువానా. ఏదైనా ఈ ఏడాదిలోనే. జబ్బు నాది కాబట్టి నిర్ణయమూ నాదే.

మేనమామ: నిర్ణయం నీదే, కాదనను. నీలా ఆలోచిస్తున్న మిగతావాళ్లకి కూడా నేను చెప్పేది ఇదే. ఇన్సూరెన్సు కాదన్నంత మాత్రాన మీకు ఆ వైద్యం అక్కర్లేదని కాదు. చవగ్గా దొరికినంత మాత్రాన అది పూర్తి వైద్యమూ కాదు. ఏ దేశంలో చేయించుకున్నా, అడ్వాన్సు కట్టే ముందు మీ ఊళ్లో మిమ్మల్ని ఏడాది పాటు చూసే డాక్టరు చేత సరేననిపించుకోండి. ఆ డాక్టరు దొరక్కపోతే ఇంకా టికెట్టు కొనకండి.